విమానం కూలితే రేడియోని తిట్టే ముందు పుష్‌రాడ్ చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులొస్తే చాలు, పత్రికల జిల్లా పేజీల్లో ఫోమ్ షీటుతో చేసిన రిమోట్ విమానాలు పట్టుకున్న పిల్లల ఫొటోలు కనిపిస్తుంటాయి. చూడముచ్చటగా ఉంటాయి. మోటారు ఎన్ని కేవీ (వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు), బ్యాటరీలో ఎన్ని సెల్స్, రిమోట్‌కు ఎన్ని ఛానళ్లు, ఖర్చెంత అన్నీ ఆ వార్తల్లో రాస్తారు. రిమోట్ చెప్పినట్టు చెయ్యి తిప్పే చిన్న మోటారు, సర్వో నుంచి తోక దాకా వెళ్లే సన్నటి కడ్డీ, అంటే పుష్‌రాడ్ గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. చేసేవాళ్లకూ అది చిట్టచివరి పనే. రెక్క అతికించి, మోటారు బిగించి, రంగులు కూడా వేసేశాక, రేపు ఎగరెయ్యాలనగా రాత్రి పదకొండింటికి చేతికి దొరికిన తీగముక్క వంచి తగిలించేస్తారు. మర్నాడు విమానం ముక్కు నేలకేసి గుద్దుకుంటే ‘సిగ్నల్ పోయింది’ అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టే. ఇప్పుడు వాడుతున్న 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు సరిగ్గా బైండ్ చేసుకుంటే (రిమోట్‌ను విమానంలోని రిసీవర్‌తో జత కలిపితే) కంటికి కనిపించేంత దూరంలో సిగ్నల్ వదిలెయ్యడం అరుదు. కడ్డీ వంగిపోవడం అంత అరుదేం కాదు.

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్లకు, పోటీలకు వెళ్లే ఇంజినీరింగ్ కాలేజీ జట్లకు, ఇంట్లో సొంతంగా చేసుకునే పిల్లలకు పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, మన్నించాలి.

పుష్‌రాడ్ పని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. సర్వో చెయ్యి ఎంత కదిలితే ఎలివేటరో (ముక్కు లేపి దించే తోక పలక) రడ్డరో (పక్కకు తిప్పే తోక పలక) అంతకు తగ్గట్టు కదలాలి, మధ్యలో ఏమీ పోకూడదు. చిక్కు ఎక్కడంటే, కడ్డీ లాగడమూ చెయ్యాలి, తొయ్యడమూ చెయ్యాలి. లాగేటప్పుడు ఎంత సన్నటి తీగైనా సరిపోతుంది. తోసేటప్పుడు అదే తీగ పక్కకు విల్లులా వంగుతుంది. సర్వో తన పని తాను చేసేసినట్టే ఉంటుంది, తోక దగ్గర మాత్రం ఏమీ జరగదు.

ఎంత బరువుకు వంగుతుందో ఆయిలర్ సూత్రంతో లెక్కకట్టవచ్చు. చాలామంది వాడేది 9 గ్రాముల ఎస్‌జీ90 సర్వో. 4.8 వోల్టుల దగ్గర దాని టార్క్ 1.8 కిలో-సెంటీమీటర్లు. అంటే కేంద్రం నుంచి 1 సెం.మీ. దూరంలో ఉన్న రంధ్రం దగ్గర 1.8 కిలోల దాకా తొయ్యగలదు. ఇప్పుడు 1.5 మి.మీ. స్టీలు తీగ తీసుకోండి. మధ్యలో ఏ ఆసరా లేకుండా 30 సెం.మీ. పొడవుంటే సుమారు 550 గ్రాములకే వంగిపోతుంది. అదే 60 సెం.మీ. అయితే 140 గ్రాములు. పొడవు రెండింతలైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. లావు మాత్రం కాస్త పెంచినా బాగా కలిసొస్తుంది: 1.5 నుంచి 2 మి.మీ.కి వెళ్తే బలం మూడు రెట్లు దాటుతుంది. తీగ తిన్నగా ఉంటేనే ఈ లెక్కలు. చుట్ట నుంచి విప్పిన తీగలో ముందే వంకర ఉంటుంది కాబట్టి అంత కూడా నిలవదు. 1.8 కిలోలు తోసే సర్వోకు 140 గ్రాములు మోసే కడ్డీ తగిలించి, సర్వో మంచిది కాదేమోనని మెటల్ గేర్ల సర్వోకు ఇంకో రెండు మూడొందలు పెట్టేవాళ్లున్నారు.

నేల మీద ఈ లోపం బయటపడదు. గాలి ఒత్తిడి లేదు కనుక రిమోట్ మీది స్టిక్ కదిపితే ఎలివేటర్ చక్కగా ఆడుతుంది, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. విమానం పైనుంచి దిగుతూ వేగం అందుకున్నప్పుడు అసలు సంగతి మొదలవుతుంది. వేగం రెట్టింపైతే ఎలివేటర్ మీద గాలి బలం నాలుగు రెట్లవుతుంది. స్టిక్ వెనక్కి లాగుతారు, సర్వో చెయ్యి తిరుగుతుంది, కడ్డీ బాడీ లోపల విల్లులా వంగుతుంది, ఎలివేటర్ చదునుగానే ఉండిపోతుంది. కూలాక శకలాలు ఏరి చూస్తే కడ్డీ మళ్లీ తిన్నగా కనిపిస్తుంది, ఎందుకంటే స్టీలు తీగ స్ప్రింగులా వెనక్కొస్తుంది. నేరం చేసిన ఆనవాలే ఉండదు. అందుకే రేడియో మీద నెపం పడుతుంది.

దీన్ని పట్టుకునే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ప్రొపెల్లర్ విప్పేసి రేడియో ఆన్ చెయ్యండి. ఎలివేటర్‌ను రెండు వేళ్లతో నెమ్మదిగా, కానీ గట్టిగా, మధ్యస్థానంలోనే పట్టుకోండి. ఇంకొకరు స్టిక్‌ను కొద్దికొద్దిగా రెండు వైపులా కదపాలి. వేళ్లకు గట్టి తోపు తెలియాలి. తోపు తెలియకుండానే సర్వో చెయ్యి తిరిగిపోతుంటే మధ్యలో ఏదో వంగుతోంది, జారుతోంది, లేదా వదులైంది. బాడీ మూత తీసి చూస్తే ఎక్కడో కంటికే కనిపిస్తుంది. సర్వో గుర్రుమంటున్నా ఒకట్రెండు సెకన్లకు మించి అలా పట్టుకోవద్దు, ప్లాస్టిక్ పళ్లు ఊడతాయి. పోటీలు పెట్టేవాళ్లు రెక్కల కొలతలు, బరువు చూసే బల్ల దగ్గరే ఈ పరీక్ష కూడా పెట్టమని మనవి. ఒక్కో విమానానికి అర నిమిషం పట్టదు.

కడ్డీ మార్చకుండానే కొంత మేలు చేసే ఉపాయం ఒకటుంది. హార్న్‌ను (కడ్డీ తగిలించే చిన్న కొమ్మును) ఎలివేటర్ కింద బిగిస్తే, ముక్కు పైకి లేపాలంటే కడ్డీ తొయ్యాలి. హార్న్‌ను పైన బిగిస్తే అదే పనికి కడ్డీ లాగాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు కావలసింది ముక్కు లేపడమే కాబట్టి ఆ పని లాగుడుకు అప్పగించడం తెలివైన పని. దీనికి సర్వో చెయ్యి ఏ వైపు ఉండాలో ముందే చూసుకోవాలి. రిమోట్‌లో రివర్స్ స్విచ్ ఉంది కనుక దిశ గురించి బెంగ లేదు.

ఇక ఏ కడ్డీ ఎక్కడ అన్నది. ఏలరాన్‌కు (రెక్క అంచున ఉండి విమానాన్ని పక్కకు వాల్చే పలకకు) రెక్కలోనే ఒక్కో సర్వో పెట్టడం ఇప్పుడు మామూలు. అక్కడ కడ్డీ జానెడు కూడా ఉండదు. 10 సెం.మీ. పొడవున్న 1.5 మి.మీ. తీగ 5 కిలోల దాకా వంగదు, దాని గురించి ఇంత చర్చ అక్కర్లేదు. తంటా అంతా తోక కడ్డీలతోనే.

తోకకు మొదటి మార్గం, తీగను గొట్టంలో నడపడం. గొట్టం తీగను పక్కకు పోనివ్వదు కనుక మొత్తం పొడవు లెక్కలోకి రాదు, రెండు ఆసరాల మధ్య దూరమే లెక్క. 1.2 మి.మీ. తీగకు ప్రతి 10 సెం.మీ.కు ఒక ఆసరా ఉంటే 2 కిలోల దాకా తట్టుకుంటుంది, ఎస్‌జీ90కి అది చాలు. సర్వోల ప్యాకెట్‌తో పాటు కొని తెచ్చుకునే 1 మి.మీ. తీగ అయితే ఆసరాలు 7 సెం.మీ.కు ఒకటి ఉండాలి. 10 సెం.మీ. వదిలితే కిలోకే వంగుతుంది.

హాబీ షాపులో గొట్టం దొరక్కపోతే బాల్ పెన్ రీఫిల్ బాగా పనికొస్తుంది. రెండు చివరలూ కోసి, లోపలి ఇంకును స్పిరిట్ ముంచిన దారంతో పూర్తిగా తుడిచెయ్యాలి. మరక మిగిలితే ఆరాక జిగురై తీగను పట్టేస్తుంది. పొడవునా ఒకే గొట్టం ఉండాలని లేదు. బాడీలోని ప్రతి అడ్డచెక్క దగ్గర 3 సెం.మీ. ముక్క చాలు, అన్నీ ఒకే వరసలో ఉంటే. అన్ని ముక్కల్లోంచీ తీగ దూర్చి ఉంచి అప్పుడు అతికించాలి, విడివిడిగా అతికిస్తే వరస కుదరదు. కూల్‌డ్రింక్ స్ట్రా వాడొద్దు. దాని లోపలి వ్యాసం 5, 6 మి.మీ. ఉంటుంది. సన్నటి తీగ అందులో పాములా మెలికలు తిరుగుతుంది, బయటికి మాత్రం గొట్టంలో ఉంది కదా అనిపిస్తుంది. తీగ కంటే అర మి.మీ. పెద్ద రంధ్రమున్న గొట్టం సరైనది.

గొట్టం కదలకుండా నిలవడం తీగ తిన్నగా ఉండటమంత ముఖ్యం. నైలాన్, టెఫ్లాన్ గొట్టాలకు జిగురు పట్టదు. 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, అతికించే చోట నాలుగు చుట్లు కుట్టుదారం చుట్టి, ఆ దారం మీద ఆరల్డైట్ పూస్తే పట్టుకుంటుంది. ఫెవిక్విక్ థర్మోకోల్‌ను తినేస్తుంది, అక్కడికి దాన్ని రానివ్వొద్దు. గ్లూ గన్ తొందరగా అయిపోతుంది, ఫోమ్ షీటుకు బాగానే పట్టుకుంటుంది. కాని మే నెలలో అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారులో ఆ జిగురు మెత్తబడుతుంది. తీగ కదిలినప్పుడు గొట్టం కూడా వెంట కదులుతుందంటే ఆ మేరకు కదలిక పోయినట్టే.

సర్వో వైపు గొట్టం ఎక్కడ ఆగాలన్నది చాలామంది తప్పే చోటు. సర్వో చెయ్యి గుండ్రంగా తిరుగుతుంది కనుక కడ్డీ చివర ముందుకూ వెనక్కే కాక పక్కకు కూడా కదులుతుంది. 1 సెం.మీ. చెయ్యి 45 డిగ్రీలు తిరిగితే పక్కకు దాదాపు 3 మి.మీ. జరుగుతుంది. గొట్టం సర్వోకు మరీ దగ్గర్లో మొదలైతే తీగ ఆ 3 మి.మీ. వంగడానికి చోటుండదు, గొట్టం అంచుకు ఒరుసుకుని బిగుస్తుంది. మరీ దూరంగా మొదలైతే ఆ ఖాళీలోనే విల్లవుతుంది. 4 నుంచి 5 సెం.మీ. వదలడం సరిగ్గా ఉంటుంది. తోక వైపు కూడా అంతే. స్టిక్ పూర్తిగా ఒక మూలకు నెట్టినప్పుడు క్లెవిస్ (కడ్డీ చివర మరతో ఎక్కించి హార్న్‌కు తగిలించే చిమటా లాంటి కొక్కెం) వచ్చి గొట్టం నోటికి తగలకూడదు.

రెండో మార్గం కర్ర. ఈ రోజుల్లో దీన్ని పాతకాలపు పద్ధతి అని తీసిపారేస్తారు గాని, నా ఓటు దీనికే. 60 సెం.మీ. పొడవున్న 1.5 మి.మీ. స్టీలు తీగ బరువు 8 గ్రాములు. 5 మి.మీ. గుండ్రటి ఎండు వెదురు పుల్ల అదే పొడవుకు బరువు కూడా 8 గ్రాములే. తోపును తట్టుకోవడంలో మాత్రం వెదురు ఏడు రెట్లకు తక్కువ కాదు, కిలో దాకా నిలుస్తుంది. మేదరివాళ్ల దగ్గర ఒక బద్ద తీసుకుంటే నాలుగు విమానాలకు సరిపోతుంది. బాగా ఎండినది కావాలి, పచ్చిది ఆరుతూ వంకర తిరుగుతుంది. కణుపు లేని చోట చీల్చాలి. పై తొక్క వైపు నార గట్టిది, చెక్కేటప్పుడు లోపలి వైపే ఎక్కువ తీసెయ్యాలి. ఫోమ్ విమానం కాక బాల్సా విమానమైతే 8 మి.మీ. చదరపు గట్టి బాల్సా కర్ర కూడా వాడతారు. కార్బన్ గొట్టం ఇంకా మేలు. బయట 4, లోపల 3 మి.మీ. ఉన్నది 60 సెం.మీ.కు 5 గ్రాములే తూగుతుంది, 2 కిలోల పైనే తోయిస్తుంది. కాకపోతే కార్బన్ రేడియో తరంగాలకు అడ్డొస్తుంది కనుక రిసీవర్ యాంటెనా దాని పక్కనే సమాంతరంగా పరుచుకోకుండా చూడాలి. కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వెదురు పుల్ల చివర తీగ బిగించే తీరు ఇది. చివర నుంచి 3 సెం.మీ. లోపలికి, తీగ లావున ఒక రంధ్రం అడ్డంగా వెయ్యాలి. అక్కణ్ణుంచి చివర దాకా తీగ సగం కూరుకునేలా చిన్న గాడి తియ్యాలి. తీగ కొసను 4 మి.మీ. మేర లంబంగా వంచి రంధ్రంలో దించి, మిగతాది గాడిలో పడుకోబెట్టాలి. దాని మీద నూలుదారం ఒకదాన్నొకటి ఆనుకునేలా చుట్టి, దారంలోకి ఇంకేలా ఆరల్డైట్ పూసి రాత్రంతా వదిలెయ్యాలి. వంచిన ఆ 4 మి.మీ. కొక్కెమే బలం, జిగురు తడబడినా తీగ జారదు. గాడి తియ్యకుండా పైన పెట్టి చుట్టేస్తే నాలుగు రోజుల్లో తీగ తనలో తాను తిరగడం మొదలెడుతుంది. పుల్ల బయటికి వచ్చే తీగ 6 సెం.మీ.కు మించనివ్వకండి. మొత్తం బలం మళ్లీ ఆ సన్న భాగం దగ్గరే పోతుంది. అక్కడ 2 మి.మీ. తీగ వాడడం మంచిది.

కర్రకు ఆసరాలు అక్కర్లేదు, దేనికీ తగలకుండా ఉండటమే కావాలి. అడ్డచెక్కల్లో రంధ్రాలు వేలు దూరేంత పెద్దవిగా ఉండాలి. ఎలివేటర్, రడ్డర్ కర్రలు రెండూ బాడీలో ఒకదాన్నొకటి దాటేచోట, రెండు స్టిక్కులూ నాలుగు మూలలకూ తిప్పి చూడాలి. ఒక మూల దగ్గర మాత్రమే తగులుకునేవి ఉంటాయి, విమానం మలుపులో ముక్కు లేపేటప్పుడు సరిగ్గా ఆ మూలే వస్తుంది.

మూడో మార్గం రెండు తీగలతో రెండు వైపులా లాగించడం. పెద్ద విమానాల రడ్డర్‌కు ఇది బాగుంటుంది. తోపే ఉండదు గనుక వంగడమన్న మాటే లేదు. నిజం విమానం, చిన్న సెస్నా 172లో కూడా తోకకు వెళ్లేవి కేబుళ్లే. అయితే సర్వో చెయ్యీ హార్న్ వెడల్పూ సమానంగా లేకపోతే ఒక తీగ బిగుసుకుని రెండోది వేలాడుతుంది. కొత్తవాళ్లకు ఇది వద్దు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. నైలాన్ గొట్టంలో నైలాన్ కడ్డీ నడిచే సెట్లు బజారులో దొరుకుతాయి. వంపులు తిరగడానికి బాగుంటాయి, అమ్మేవాళ్లు కూడా అవే చూపిస్తారు. కాని నైలాన్ వేడికి సాగుతుంది, స్టీలు కంటే ఆరేడు రెట్లు ఎక్కువ. 70 సెం.మీ. నైలాన్ కడ్డీ 25 డిగ్రీల తేడాకు సుమారు 1.4 మి.మీ. పెరుగుతుంది. మన దగ్గర వేసవిలో తెల్లవారుజామున సరిచేసిన విమానాన్ని ఎండలో ఆపిన కారులోంచి తీస్తే ఆ తేడా సులభంగా వస్తుంది. 12 మి.మీ. ఎత్తున్న హార్న్ మీద 1.4 మి.మీ. అంటే దాదాపు ఆరున్నర డిగ్రీలు. హార్న్ పైన ఉంటే కడ్డీ సాగి ముక్కు దించుతుంది, కింద ఉంటే లేపుతుంది. నిన్న తిన్నగా ఎగిరింది ఇవాళ వదలగానే నేల ఎందుకు పట్టిందో తెలియక మళ్లీ రేడియోనే అనుమానిస్తారు. వెదురు, కార్బన్ వేడికి దాదాపు సాగవు. నైలాన్ తప్పనిసరైతే లోపలి కడ్డీగా స్టీలు తీగ వాడండి, పొలంలోకి వెళ్లాక నీడలో పావుగంట ఉంచి అప్పుడు ఎలివేటర్ మధ్యస్థానం చూసుకోండి.

చివరల దగ్గర రెండు మూడు జాగ్రత్తలు. సర్వో వైపు జెడ్ వంపు అన్నిటికంటే నమ్మకమైనది, ఊడే మరలేమీ ఉండవు. జెడ్ ప్లయర్ లేకపోతే నోస్ ప్లయర్లు రెండు చాలు. రెండు వంపుల మధ్య దూరం సర్వో చేతి మందం కంటే అర మి.మీ. ఎక్కువ ఉండాలి. తక్కువైతే బిగుస్తుంది, ఎక్కువైతే లటలటలాడుతుంది. గట్టి స్ప్రింగు తీగను వంచిన చోటే మళ్లీ తిన్నగా చేసి వంచితే లోపల చీలుతుంది, పైకి కనిపించదు. తప్పు వంచితే ఆ ముక్క పారెయ్యండి. వేడి చేసి వంచడం అంతకంటే తప్పు, తీగ పదును పోయి మెత్తబడుతుంది. ఎల్ వంపు పెట్టి, తీగ జారకుండా పట్టే ప్లాస్టిక్ కీపర్ తగిలించడం హార్న్ వైపు సరే. స్క్రూ బిగించే చిన్న ఇత్తడి లింకేజ్ స్టాపర్లు సర్దుకోవడానికి తేలిక, అందుకే అందరూ వాటి మీద పడతారు. వాటి స్క్రూ అదురుకు వదులవుతుంది. వాడితే తీగ మీద స్క్రూ ఆనే చోట ఆకురాయితో చిన్న చదును చేసి, స్క్రూకు ఒక చుక్క నెయిల్ పాలిష్ వెయ్యండి.

క్లెవిస్ మరల విషయంలో చాలామంది మోసపోతారు. మన షాపుల్లో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఎం2 మరలో ఒక్కో చుట్టు 0.4 మి.మీ., అమెరికా కొలత 2-56 మరలో 0.45 మి.మీ. చూడ్డానికి రెండూ ఒకటే. ఒకదాని కడ్డీకి రెండోదాని క్లెవిస్ ఎక్కిస్తే మొదటి రెండు మూడు చుట్లు వెళ్తుంది, తర్వాత బిగుస్తుంది. బలవంతంగా తిప్పితే ప్లాస్టిక్ మర కోసుకుపోయి, పట్టుందనిపించి, గాల్లో ఊడుతుంది. సైకిల్ షాపులో దొరికే 2 మి.మీ. స్పోక్ మర కూడా అంగుళానికి 56 చుట్లదే. కనుక దానికి 2-56 క్లెవిస్ బాగానే ఎక్కుతుంది, ఎం2 ఎక్కదు. స్పోక్‌ను తల కోసి, మర ఉన్న చివర బయటికి ఉండేలా వెదురు పుల్లకు కట్టేస్తే మంచి తోక కడ్డీ తయారు. కొన్ని సైకిళ్లకు లావు స్పోక్‌లుంటాయి కాబట్టి కొనేటప్పుడు వెర్నియర్‌తో కొలవండి.

క్లెవిస్ కనీసం 6 మి.మీ. మేర మరలోకి వెళ్లి ఉండాలి. కడ్డీకి ఒక చివరే క్లెవిస్ ఉండాలి, రెండో చివర జెడ్ వంపు. రెండు వైపులా క్లెవిస్‌లు పెడితే కడ్డీ మధ్యలో తనంతట తాను తిరుగుతూ ఒక దాంట్లోకి ఎక్కుతూ రెండో దాంట్లోంచి దిగిపోతుంది. క్లెవిస్ కాళ్లు విచ్చుకోకుండా దాని మీదికి ఒక రబ్బరు ముక్క తొడగాలి. సైకిల్ వాల్వ్ ట్యూబ్ దీనికోసమే పుట్టిందా అన్నట్టుంటుంది, 4 మి.మీ. ముక్క చాలు. ఎండకు పగులుతుంది కనుక ఏడాదికోసారి మార్చాలి.

రంధ్రాలు తీగకు సరిగ్గా అతకాలి. ఎస్‌జీ90 చేతి రంధ్రం 1 మి.మీ. ఉంటుంది, 1.2 తీగకు దాన్ని 1.2 డ్రిల్ బిట్టుతోనే, చేత్తో తిప్పుతూ పెంచాలి. కాల్చిన సూదితో పెంచేవాళ్లున్నారు, ఆ రంధ్రం ఎప్పుడూ గుండ్రంగా రాదు. హార్న్ దగ్గర అర మి.మీ. వదులుంటే, కడ్డీ తగిలిన రంధ్రం హింజ్ (ఎలివేటర్ తిరిగే బందు) నుంచి 10 మి.మీ. దూరంలో ఉన్నప్పుడు ఎలివేటర్ దాదాపు 3 డిగ్రీలు ఊగుతుంది, 20 మి.మీ. దూరంలో ఉంటే ఒకటిన్నరే. అందుకే సర్వో చేతికి లోపలి రంధ్రం, హార్న్‌కు బయటి రంధ్రం. ఇలా చేస్తే కదలిక తగ్గుతుందని భయపడి రంధ్రాలు తారుమారు చేసేస్తారు. కొత్తవాళ్లకు ఎలివేటర్ 12, 15 డిగ్రీలు కదిలితే చాలు. ఆ వదులు ఎక్కువైతే వేగంలో ఎలివేటర్ జుమ్మని అదిరి హింజ్ దగ్గర్నుంచి చిరిగిపోతుంది.

అమర్చే వరస కూడా చెప్పాలి. ముందు రేడియో ఆన్ చేసి, రిమోట్‌లో మధ్యస్థానం సర్దే ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు సున్నా చేసి, అప్పుడు సర్వోకు చెయ్యి తొడగాలి. చెయ్యి కడ్డీకి లంబంగా ఉండాలి. సర్వో ఇరుసు పళ్ల వల్ల కొంచెం వంకరగా వస్తే నాలుగు చేతుల సర్వో హార్న్‌లో ఇంకో చెయ్యి ప్రయత్నించండి, ఒక్కోటి ఒక్కో కోణంలో కూర్చుంటుంది. ఎలివేటర్‌ను రెండు ఐస్‌క్రీం పుల్లల మధ్య పెట్టి బట్టల క్లిప్పుతో మధ్యస్థానంలో బిగించండి. హార్న్ రంధ్రాల వరస సరిగ్గా హింజ్ గీతకు పైన ఉండాలి, వెనక్కి జరిగితే ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కదులుతుంది. ఇప్పుడు కడ్డీ పొడవు గుర్తు పెట్టి, క్లెవిస్ మరలో సగం దగ్గర ఉండేలా కొయ్యండి, అటూ ఇటూ సర్దడానికి చోటుంటుంది. 12 మి.మీ. హార్న్ మీద క్లెవిస్ ఒక చుట్టు రెండు డిగ్రీలు. రిమోట్‌లో సబ్‌ట్రిమ్ నొక్కి ఈ పని తప్పించుకోవద్దు.

బిగించాక సర్వో వైపు విప్పి, కడ్డీని వేళ్లతో కదపండి. విడి హింజ్‌లున్న విమానమైతే ఎలివేటర్ తన బరువుకే కిందికి వాలాలి. ఫోమ్‌నే కోసి మడిచిన హింజ్ అయితే అంత తేలిగ్గా వాలదు, అయినా వేలికి ఎక్కడా పట్టు తగలకూడదు. ఈ పట్టు గురించి ఎందుకింత చెబుతున్నానంటే, బిగుసుకున్న కడ్డీని తోస్తూ ఆగిపోయిన ఎస్‌జీ90 అర ఆంపియర్‌కు పైగానే లాగుతుంది. రెండు మూడు సర్వోలు అలా గుర్రుమంటుంటే, 30 ఆంపియర్ల చిన్న ఈఎస్‌సీలో (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరంలో) ఉండే 2 ఆంపియర్ల బీఈసీ (రిసీవర్‌కు, సర్వోలకు కరెంటిచ్చే భాగం) వేడెక్కి వోల్టేజి పడేస్తుంది. రిసీవర్ ఆగిపోతుంది. అప్పుడు ‘సిగ్నల్ పోయింది’ అన్న మాట నిజమే, తప్పు మాత్రం కడ్డీది.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్ల వాళ్లకు ఒక మాట. స్ప్రింగు తీగకు ఉప్పుగాలికి నెల తిరక్కుండానే తుప్పు పడుతుంది. గొట్టం లోపల పట్టిన తుప్పు బయటికి కనిపించదు, కదలిక మాత్రం గరగరలాడుతుంది. కుట్టుమిషను నూనె పోస్తే ఇసుకా దుమ్మూ పట్టుకుని ఇంకా బిగుస్తుంది. తీగ బయటికి లాగి సన్న గరుకు కాగితంతో రుద్ది, పెన్సిలు ములుకు పొడి రాసి దూర్చండి. గుంటలు పడిన తీగైతే మార్చెయ్యండి. సైకిల్ స్పోక్‌కు పూత ఉంటుంది గనుక ఆ బాధ కొంత తక్కువ, కోసిన చివర మాత్రం కాస్త రంగు పూసుకోవాలి.

ఇట్లు,
ఒక ఏరోమోడలర్,
సికింద్రాబాద్